నూనె కాఱని మూత

ఊరగాయ జాడీకి వాసెన గట్టుట యెఱుగని యిల్లాలు మనలో నుండదు. జాడీ మూతికి నూనెయు నుప్పును అంటియుండగనే గుడ్డ కట్టితిమా, పది దినములలో అంచున బూజు కనబడును. మూతిని పొడిగుడ్డతో తుడిచి, ఆరనిచ్చి, ముడుత లేని గుడ్డను నలువైపుల సమముగా లాగి త్రాడు చుట్టవలెను. ఒకప్రక్క మితిమీఱి లాగినచో నెదుటిప్రక్క లేచి గాలి చొచ్చును. ఈ విద్యయే మోటారుబండి యింజనునకును కావలసియున్నదని ఎవరైన చెప్పియున్న, ఒక సంవత్సరము క్రిందట నేను నవ్వియుందును. గత వేసవిలో నా చేతులతో చేసి చూచిన పిదప నమ్మితిని.

మాది నిమ్మనపల్లె. మా వారు బడిపంతులు. మా మామగారు పోవుచు మాకు విడిచినవి మూడు: ఒక చిన్న టమోటా చేను, ఒక పెట్టెడు పుస్తకములు, ఒక అంబాసిడరు కారు. చేనిపంట మదనపల్లె మార్కెట్టునకు పోవును, పుస్తకములు నా పాలికి వచ్చినవి, కారు అందఱిది. హిందూస్థాన్ మోటార్సువారు వంగదేశమునందలి ఉత్తరపారాలో 1950ల చివరినుండి 2014 మే నెల వఱకు ఈ బండ్లను తయారుచేసిరి. పిదప ఆపివేసిరి. మా బండిలో నున్నది 1489 ఘన సెంటీమీటర్ల పాత పెట్రోలు ఇంజను. ఇంగ్లండున మోరిస్ ఆక్స్‌ఫర్డు కార్లకు వేసిన యింజనుల వంశములోనిది. క్రొత్త బండి కొనుటకు బడిజీతము చాలదు గనుక, ఉన్నదానిని కాపాడుకొనుటయే మాకు గతి.

మా అత్తగారికి ఉబ్బసము. నెలకొకమాఱు ఆమెను మదనపల్లెలో వైద్యుని యొద్దకు కొనిపోవుదుము. రెండేండ్లనుండి బండి నాలుగు మైళ్లు పోవునప్పటికి లోపల మాడిన నూనెకంపు కొట్టుట ఆరంభించెను. మరికొంత దూరము పోయిన పిదప పలుచని నీలిపొగ ముందుభాగపు సందులనుండి లోనికి వచ్చెడిది. అత్తగారు కొంగు ముక్కునకు అడ్డము పెట్టుకొని, "ఏమ్మే, ఆస్పత్రి చేరేలోగా ఈ పొగే నన్ను తినేట్టుందే!" అనెడివారు. ఆ మాట నవ్వుటకై అన్నది కాదు. ఒకనాడు దారిలోనే ఆయాసము హెచ్చి, బండి నాపి, చింతచెట్టు నీడను అరగంట కూర్చుండబెట్టవలసి వచ్చెను. వైద్యునికొఱకు పోవు బండియే వ్యాధిని పెంచుచుండ ఇక నేమి చేయుదుము?

ఒక మెకానిక్కునకు చూపితిమి. అతడు ఇంజను మీది మూతకున్న రెండు నట్లను బలముకొలది బిగించి పంపెను. వారము దినములు నూనె తగ్గినట్లుండెను. పిదప మునుపటికంటె నెక్కువయ్యెను. రెండవమాఱు మూత యంచుచుట్టు బూడిదరంగు పేస్టు మెత్తి పంపిరి. అదియు నిలువలేదు. మూడవమాఱు పోయినపుడు, "పాత బండంటే కారకుండా యాడుంటాది మా! నూనె పోసుకుంటా తోలుకోండి" అని చెప్పిరి.

ఇచట ఒక చిన్న ముచ్చట. 'కాఱుట' యను మాటను బండి ఱతో వ్రాయవలెనని బాల్యమున మా తండ్రిగారు నాకు బెత్తముతో నేర్పిరి. శకటరేఫమునకు బండి ఱ యను పేరు ఎందుల కబ్బెనో గాని, మా బండి దినదినము ఆ అక్షరమును నేలమీద వ్రాయుచునే యుండెను.

వేసవి సెలవులలో మామగారి పెట్టె సర్దుచుండగా, అడుగున ఆ ఇంజనును గూర్చిన ఆంగ్లపుస్తకమొకటి దొరకెను. నాకు భారత భాగవతములు వచ్చును గాని ఆంగ్లము అంతంతమాత్రము. మా వారు అరుగుమీద కూర్చుండి చదివి అర్థము చెప్పుచుండ, నేను విని బొమ్మలు చూచితిని. రెండు దినములలో మాకు తేలినదేమన, ఈ పని బలముతో చేయునది కాదు, శుభ్రముతో చేయునది. "అట్లయిన ఇది నా పనియే" అంటిని. మా వారికి నవ్వు వచ్చినది కాని, కాదనలేదు.

ఆ మూతక్రింద నేమున్నదో ముందుగా చెప్పవలెను. ఏతము నెఱిగినవారికి ఇది సులభముగా బోధపడును. ఏతపు మ్రాను నడుమ నిలువుకొయ్యపై నానియుండి, ఒక కొన లేచిన రెండవ కొన దిగును గదా. ఈ యింజనులో నట్టి చిన్న యినుప యేతములు ఎనిమిది, ఒకే కడ్డీమీద వరుసగా నుండును. క్రిందినుండి సన్నని కడ్డీ యొకటి ఒక కొనను పైకి త్రోయగా, రెండవ కొన వాల్వు తలను క్రిందికి నొక్కును, వాల్వు తెఱచుకొనును. నాలుగు సిలిండర్లకు ఎనిమిది వాల్వులు. ఈ యేతములు ఆడునపుడు అరిగిపోకుండుటకై అడుగున నున్న పంపు నూనెను పైకి ఎక్కించి, బోలుగా నున్న కడ్డీలోనికి పంపును. నూనె ఏతములమీద కాఱి, తుంపరలై చెదరి, రంధ్రములగుండ మఱల అడుగునకు పోవును. ఆ తుంపరలు వెలికి రాకుండ రేకుమూత యొకటి పైన బోర్లించి యుందురు. మన ప్రాంతపు పనివారు దీనిని ట్యాపెట్ కవరు అందురు. మూతకును ఇంజనునకును నడుమ నుండు మెత్తని పట్టీయే ప్యాకింగు. గాస్కెట్టని గూడ అందురు. మన జాడీకి వాసెన యెట్టిదో దీనికి ప్యాకింగు అట్టిది.

ఇందలి ముఖ్యవిషయ మొకటి కలదు. మూతక్రింద నూనె నిండుగా నిలువదు. కుక్కరులో ఆవిరివలె ఒత్తిడితోను ఉండదు. తుంపర మాత్రమే. కావున దానిని ఆపుటకు గట్టి బిగింపు అక్కఱలేదు. అంచుపొడుగున సమమైన తేలిక నొక్కు చాలును. ఈ సంగతి తెలియకయే అందఱును స్పానరుమీద బలము చూపుదురు.

ఒత్తిడి యుండదంటిని గాని, ఒక సందర్భమున ఉండును. సిలిండరులో మండిన వాయువు కొంత పిస్టను ప్రక్కలనుండి అడుగునకు జాఱును. అది వెలువడుటకై మూతనుండి గాలివడపోత పెట్టెకు ఒక రబ్బరుగొట్టము పెట్టియుందురు. ఆ గొట్టము మడ్డితో పూడిపోయినచో, ఆ వాయువు లోపల నిలిచి నూనెను ప్యాకింగుగుండ బయటికి నెట్టును. కుక్కరు విజిలు గొట్టములో మెతుకు అడ్డుపడినపుడు ఆవిరి రబ్బరుచుట్టునుండి బుసకొట్టుట మనము చూడలేదా? మా గొట్టములో నల్లని మడ్డి సగము నిండియుండెను. ఎన్ని ప్యాకింగులు మార్చినను అది కడుగక లాభము లేకుండెడిది. కిరసనాయిలు పోసి కడిగి, పుల్లకు గుడ్డ చుట్టి త్రోసి, ఆరబెట్టితిని.

తరువాత నూనె నిజముగా ఎచటనుండి కాఱుచున్నదో కనుగొనవలెను. పైన కాఱిన నూనె క్రిందికి ప్రాకి అంతటను మసియగుటచే, చూచినంతమాత్రాన తెలియదు. ఇంజను చల్లగా నున్నపుడు వెలుపలి మడ్డి నంతయు కిరసనాయిలు గుడ్డతో తుడిచి, పొడిగుడ్డతో ఆరదుడిచి, మూత యంచులమీదను దాని దిగువను ముఖమునకు పూసికొను పౌడరును పలుచగా చల్లితిని. పది నిముషములు ఇంజను నడిపి ఆపి చూడగా, తెల్లని పౌడరుపై నూనె దారులు స్పష్టముగా కనబడెను. ఒక దారి మూతకు ఎడమ అంచు నడుమనుండి బయలుదేఱి తిన్నగా పొగగొట్టపు మొదటిమీదికి పోవుచుండెను. ఈ యింజనునకు పొగగొట్టము ఆ ప్రక్కనే యుండును. కాలుచున్న ఆ యినుముపై నూనె పడి మాడి ఆ కంపు పుట్టుచున్నది. అట్టి వేడిమీద నూనె హెచ్చుగా పడిన నిప్పు అంటుకొనుటయు కలదు గనుక, కంపే గదా యని ఉపేక్షింపరాదు. రెండవ దారి యొకటి యింకను దిగువనుండి వచ్చుచుండెను. దాని మాట చివర చెప్పెదను. పౌడరునకు బదులు ముగ్గుపిండి వాడుదమని పొరుగింటి పిల్ల సూచించినది. వలదు. అది రాతిపొడి, లోపల పడిన నునుపైన యినుమును గీరును.

మఱునాటి ఉదయము, రాత్రియంతయు చల్లారిన ఇంజనుమీద పని మొదలుపెట్టితిని. గొట్టము తీసి, రెండు నట్లు విప్పి, వాని క్రింది గిన్నెవంటి వాషర్లను, రబ్బరు బుష్షులను తీసిన క్రమమునందే పళ్లెములో పేర్చితిని. మూత కదలలేదు, పేస్టు పట్టియుండెను. ఇట్టిచోట స్క్రూడ్రైవరు దూర్చి ఎత్తుట సాధారణము, కాని అంచు వంగుటకు అదియే మొదటి కారణమని పుస్తకము చదువకయే నాకు తోచెను. రొట్టెల కఱ్ఱకు గుడ్డ చుట్టి ప్రక్కలనుండి మెల్లగా తట్టగా ఊడివచ్చెను.

లోపల చూచినపుడు నాకు కోపము వచ్చెను. ప్యాకింగు నడుమ భాగములు చితికి లోనికి చొచ్చుకొనివచ్చి, రెండుచోట్ల తెగియుండెను. మెత్తిన పేస్టు లోపలివైపునకు పిండబడి, విఱిగిన పాలముక్కలవలె ఏతముల నడుమ వ్రేలాడుచుండెను. అట్టి ముక్క లొకటి రెండు ఊడి అడుగునకు జాఱి పంపు జల్లెడకు అడ్డుపడినచో నూనె పైకి రాదు, ఇంజనే చెడును. కాఱుట ఆపబోయి అంతటి ముప్పు తెచ్చిపెట్టిరి.

మూతను కడిగి వంటింటి గ్రానైటు బండమీద బోర్లించి, వెనుక దీపము పెట్టి చూచితిని. అంచుక్రిందనుండి వెలుతురు వచ్చుచుండెను. ఎడమప్రక్క నడుమ తాటాకు దూఱునంత సందు. నట్లు రెండును మూత నడిమధ్యమున నుండుటచే, వానిని మితిమీఱి బిగించునపుడు నడుము క్రుంగి అంచులు వెలికి వంగును. అనగా ఎంత బిగించిన అంత కాఱును. మొదటి మెకానిక్కు బిగించిన వారమునకే నూనె హెచ్చుటకు కారణమిదియే. మూత అంచును పలకకొయ్యమీద ఆనించి, మఱియొక కొయ్యముక్కతో తట్టుచు, మాటిమాటికి బండమీద పెట్టి చూచుచు, వెలుతురు కనబడనంతవఱకు సరిచేసితిని. దీనికి గంటన్నర పట్టెను. పనియంతటిలో మిక్కిలి ఓపిక కావలసినది ఇచటనే, ఫలితమిచ్చినదియు ఇదియే.

ఇంజనుమీది అంచును శుభ్రపఱచుటకు మునుపు, నూనె దిగు రంధ్రములలో చెత్త పడకుండ చిన్న గుడ్డపేలికలు కుక్కితిని. మూడు కుక్కితినని గోడమీద బొగ్గుతో మూడు గీతలు గీచి, తీయునపుడు ఒక్కొక్క గీత తుడిచితిని. మఱచి ఒకటి లోపల విడిచినచో కొంప మునుగును. పాత ప్యాకింగు ముక్కలను వెదురుబద్దతో గీకితిని. మా ఇంజను పోత యినుముతో చేసినది గనుక గట్టిది; నేటి కార్లలో అల్యూమినియము గనుక ఇనుప కత్తితో గీకిన గాట్లు పడి, ఆ గాట్లవెంట నూనె వచ్చును. చివర రెండు అంచులను పెట్రోలు తడిపిన గుడ్డతో తుడిచి ఆరనిచ్చితిని. పెట్రోలుతో పని ఆరుబయటనే చేయవలెను. పొయ్యి, దీపము, పిల్లలు దరిదాపుల నుండరాదు.

క్రొత్త ప్యాకింగు కార్కుతో చేసినది. దాని వెల కిలో కందిపప్పు వెలకంటె తక్కువ. రెండేండ్లు మేము పోసిన నూనె వెల చెప్పుకొన సిగ్గగును. కార్కు ఒక చెట్టు బెరడు. ప్రపంచపు కార్కులో సగముమాత్రము పోర్చుగలు దేశమునుండియే వచ్చును. చెట్టును నఱకక, తొమ్మిదేండ్ల కొకమాఱు బెరడును మాత్రము ఒలుతురట. అందలి కణములలో గాలి నిండియుండుటచే నొక్కిన అణగును, విడిచిన లేచును. కాని అంగడిలో ఎండి యున్నచో కుదించుకొనిపోవును. మాకు దొరకినది మూత యంచుకంటె వేలెడు పొట్టిగా నుండెను. మా వారు మార్చి తెత్తునని లేచిరి గాని, నీటిలో తడిపిన సాగునని పుస్తకములో నుండుటచే కొంతసేపు గోరువెచ్చని నీటిలో ఉంచితిని. చక్కగా సరిపోయినది. సాగలాగి తగిలింపరాదు, సాగినది పిదప మూలలయందు తెగును.

అంటించుటకు లక్క. అంగళ్లలో షెల్లాకని అమ్ముదురు. నూనెకు కరగదు గనుక ఈ పనికి పెద్దలకాలమునుండి వాడుక. భారతమున లక్కతో ఇల్లు కట్టి ఎంత కీడు తలపెట్టిరో మనకు తెలిసినదే. ఆ లక్కయే ఇచట మేలు చేయుచున్నది. దీనిని మూతవైపు మాత్రమే పలుచగా పూసి, ప్యాకింగును అతికి, మూతను బండమీద బోర్లించి, పైన నిండు బియ్యపుడబ్బా నుంచి ఆరనిచ్చితిని. ఇంజనువైపు లక్క పూయరాదు. నూనె చేతితో మెల్లగా రాసిన చాలును. వాల్వుల సందు సరిచేయుటకు మూత మఱల ఎన్నడైన తీయవలసి వచ్చును గదా. అపుడు ప్యాకింగు చిరుగక మూతతో గూడ వచ్చును.

ఇక బిగింపు. రబ్బరు బుష్షులు రెండును క్రొత్తవి వేసితిని. పాతవి అణగి రాయివలె నుండెను, నట్లవద్ద నూనె ఊరుటకు కారణము అవియే. నట్లను ముందు వ్రేళ్లతో త్రిప్పి, పిదప పొట్టి స్పానరుతో ఇటు అరచుట్టు, అటు అరచుట్టుగా మార్చి మార్చి బిగించితిని. ఈ జాతి ఇంజనుల మూత నట్లకు చెప్పిన బిగింపు 4 పౌండు అడుగులు మాత్రమే. అనగా అడుగు పొడవైన స్పానరు కొసను నాలుగు పౌండ్ల బరువుతో నొక్కినంత. సిలిండరు హెడ్డు నట్లకు దీనికి పదింతలుండును; ఆ చేతివాటముతోనే దీనిని బిగించుటవలన మూతలు చెడుచున్నవి. స్పానరును పిడికిలితో పట్టక రెండు వ్రేళ్లతో పట్టితినేని మితిమీఱుటకు అవకాశముండదు. ప్యాకింగు అంచు కొంచెము అణగినట్లు కనబడిన చాలు, చేయి తీసివేయవలెను. చేయి తీయుటయే కష్టము. ఇంకొక్క త్రిప్పు త్రిప్పుదమని మా వారికి తోచెను; నేను స్పానరు దాచివేసితిని.

ఇంజను అరగంట నడిపి చూచితిమి. చల్లారిన పిదప నట్లను మఱల ముట్టి చూడగా కొంచెము వదులైనవి. కార్కు వేడికి అణగుట సహజము. పావుచుట్టు చొప్పున మాత్రము సరిపెట్టితిని.

నేటి కార్లు కలవారికి రెండు మాటలు. పెనుగొండవద్ద ఎఱ్ఱమంచిలో కియావారు 2019 నుండి చేయుచున్నవి మొదలుగా ఇప్పటి ఇంజనులకు కార్కు ఉండదు. అచ్చుపోసిన రబ్బరు ప్యాకింగు మూతలోని గాడిలో కూర్చుండును. దానికి లక్కగాని పేస్టుగాని పూయరాదు. పూసిన జాఱి గాడినుండి తప్పుకొనును. ఇంజను ముందరి మూతయు హెడ్డును కలియు మూలలయందు మాత్రము, పుస్తకము చెప్పినచోట, కందిగింజంత సిలికాను పేస్టు పెట్టుట కలదు. బోల్టులు పది పండ్రెండు ఉండును గనుక నడుమనుండి వెలికి, ఎదురెదురుగా, రెండు మూడు విడతలలో బిగింపవలెను. పెక్కు పెట్రోలు ఇంజనులలో స్పార్కుప్లగ్గులు మూత నడుమ గుంటలలో నుండును. ఆ గుంటలచుట్టునుండు వలయములను గూడ మార్పింపనిచో నూనె ప్లగ్గులమీదికి దిగి బండి త్రొట్రుపడును. పని మీరు చేయకపోయినను, చేయువాని ప్రక్క నిలిచి ఇవి అడుగవచ్చును.

తడిపిన పేలికలను, పాత నూనెను కాలువలోనో బావిప్రక్కనో పాఱవేయకుడు. మా ఊరి నీరంతయు బాహుదాలోనికే గదా పోవును. నేను డబ్బాలో పోసి, పాతనూనె కొనువానికి ఇచ్చితిని.

తరువాతి నెల వైద్యుని యొద్దకు పోవునపుడు అత్తగారు వాడుకచొప్పున కొంగు ముక్కునకు చేర్చుకొని కూర్చుండిరి. కనుమ దాటువఱకు అట్లే యుండి, మెల్లగా కొంగు దించి, "ఈపొద్దు నూనె పోయలేదా ఏందే?" అని అడిగిరి. వచ్చునపుడు నిద్రపోయిరి.

రెండవ దారి సంగతి చెప్పెదనంటిని. ఈ యింజను ప్రక్కను దిగువగా రెండు చిన్న రేకుమూతలు గలవు. వానికిని కార్కు ప్యాకింగులే. వానిలో వెనుకది కాఱుచున్నది. దానిని చేరవలెనన్న పొగగొట్టపు మొదలు విప్పవలసియుండును గనుక అంతటికి నే నింకను సాహసింపలేదు. బండిక్రింద రాత్రి పఱచిన వార్తాపత్రికమీద తెల్లవాఱునప్పటికి మూడు నాలుగు చుక్కలు పడుచున్నవి. దసరా సెలవులకు చూతమని మా వారు అనుచున్నారు. లక్క సీసా మూత గట్టిగా పెట్టి దాచియుంచితిని.